చేతులు కట్టుకుని కూర్చోండి

“దాని మీద చెయ్యి వేయకండి అత్తయ్యా.”

కోడలు గొంతు పెంచలేదు. అయినా ముందు గదిలో కుట్టుమిషను టక్కున ఆగిపోయింది.

అత్తగారి చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. ఆ చేతికీ, మంచం మీదున్న తెల్ల చొక్కాకీ మధ్య జానెడు దూరం కూడా లేదు. మనవరాలు పుట్టిన నాటినుంచి ఆ చేతికి ఈ ఇంట్లో అడ్డు చెప్పినవాళ్ళు లేరు.

“ఏమన్నావ్?” అందావిడ.

“ఈ ఒక్క పూట ఆగండి అంటున్నా. అది బట్టలు వేసుకుని, తిని, బూట్లు తొడుక్కునేదాకా మనం ముగ్గురం చేతులు కట్టుకుని కూర్చుందాం. ఏదీ అందించొద్దు, ఏదీ సర్దొద్దు. అంతా అయ్యాక కూడా మీరూ, మీ అబ్బాయీ ఇద్దరూ వెళ్ళొద్దంటే, నేను వెళ్ళను. ఆ మాట మీద ఉంటాను.”

అత్తగారు టైలరైన కొడుకు వైపు చూసింది. టైలరు అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. మూడు రోజులుగా ఈ ఇంట్లో నడుస్తున్న గొడవలో ఆయన మాట్లాడిన మాటలకంటే మిషను తొక్కిన చప్పుడే ఎక్కువ.

గొడవంతా ఈ పూట పదకొండు గంటలకి వెళ్ళాల్సిన చోటు గురించే. ఇంట్లో అంతా పిడుగు అని పిలిచే మనవరాలు చదివే చిన్నపిల్లల బడిలో టీచరు ఒకనాడు కోడల్ని పక్కకి పిలిచి, పాపని ఒకసారి ఆక్యుపేషనల్ థెరపిస్టుకి, అంటే రోజువారీ పనులు చేసుకోవడం ఆటలతో నేర్పేవాళ్ళకి చూపించమంది. చూపించడానికి రెండు నెలలు ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ వంతు ఈ పూట వచ్చింది. ఇది తప్పితే మళ్ళీ ఎప్పుడో. ఈలోగా పిల్ల పెద్ద తరగతిలోకి వెళ్ళిపోతుంది, లేదా ఈ తరగతిలోనే ఉండిపోతుంది.

“చూపించడానికి దానికేం రోగం?” అని అత్తగారు మొదటిరోజు అడిగింది. రెండోరోజు అన్నం దగ్గర అలిగింది. మూడోరోజు, అంటే నిన్న, “కాజాలు కుట్టి బతికే ఇంట్లో పిల్లకి గుండీ పెట్టుకోవడం రాదని ఊరంతా చాటింపు వేయించు” అని ఒక్క దెబ్బ కొట్టి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ముందు గది దుకాణంలో కాజాలు, గుండీల పని కోడలిదే. ఎవరెవరి చొక్కాలకో గుండీలు కుట్టి, వెనక గదిలోకి వచ్చి కూతురి మెడ కింద కూడా గుండీ తనే పెట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆమెకి ఎలా ఉంటుందో అత్తగారికి తెలియనిది కాదు.

“సరే. కూర్చుంటా. నాకేం భయం?” అంది అత్తగారు ఇప్పుడు.

“నాలుగున్నరేళ్ళ పిల్లకి పరీక్షేంటి?” అన్నాడు టైలరు.

“పరీక్ష దానికి కాదండీ. మనకి.”

ముగ్గురూ వరసగా బెంచీ మీద కూర్చున్నారు. పిడుగు మంచం మీంచి ఒకరి తర్వాత ఒకరిని పరీక్షగా చూసింది. ఆ పేరు దానికి కాళ్ళ వల్ల రాలేదు, నోటి వల్ల వచ్చింది. 

“మీరు తప్పు చేశారా?” అని అడిగింది.

“లేదమ్మా. ఇవాళ నువ్వే తయారవుతావు. మేం చూస్తాం.”

“పోటీయా? గెలిస్తే ఏమిస్తారు?”

“పోటీ కాదు.”

“మరి నానమ్మెందుకు ఏడుపు మొహం పెట్టింది?”

“నా మొహమే అంత” అంది నానమ్మ.

పిడుగు చొక్కా అందుకుంది. దాన్ని చూడగానే టైలరు ముక్కుపుటాలు అదిరాయి. అది బజార్లో కొన్న చొక్కా. టైలరింటికి రెడీమేడ్ చొక్కా రావడమంటే వంటవాడింటికి హోటలు క్యారియర్ రావడమే. కోడలు దాన్ని బడికని కావాలనే కొనుక్కొచ్చింది. అక్కడ తోటి పిల్లలంతా వేసుకునేది అదే.

పిల్ల ఒక చెయ్యి దూర్చింది. రెండో చేతికి దారి దొరకలేదు. చొక్కా వెనకాల వేలాడుతుంటే దాన్ని పట్టుకోవడానికి తనచుట్టూ తనే తిరిగింది. ఎలాగో దొరికాక మెడ దగ్గర కుట్టిన కంపెనీ చీటీ తగిలింది. వెంటనే భుజాలు చెవుల దాకా లేచాయి. గబగబా విప్పేసి మెడని అరచేత్తో రుద్దుకుంది, మంట పుట్టినట్టు.

అత్తగారు కదిలింది. కోడలు చూసింది. అత్తగారు మళ్ళీ కూర్చుంది.

పిడుగు కాసేపు ఆలోచించి చొక్కాని తిరగేసి వేసుకుంది. ఇప్పుడు చీటీ బయటికొచ్చింది. టైలరు మొహం వెలిగింది. “చూశావా తెలివి!” అన్నట్టు భార్య వైపు చూశాడు. తెలివి ఎక్కడికీ పోలేదని ఆమెకీ తెలుసు.

కానీ గుండీలు లోపలికి వెళ్ళిపోయాయి. పిల్ల గుండీని వేళ్ళతో పట్టుకోలేదు, అరచేత్తో నెట్టింది. అది జారింది. రెండో చేత్తో నెట్టింది. నాలుక బయటికొచ్చింది, పళ్ళు బిగిశాయి, కాలివేళ్ళు కూడా ముడుచుకున్నాయి. ఒంట్లో ఉన్న బలమంతా ఒక్క గుండీ మీద పెట్టింది. గుండీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

“దీనికి నేనంటే పడదు” అంది పిడుగు నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు.

“నానమ్మా, నీకు గుండీలు పెట్టడం ఇష్టం కదా! పో, ఇవాళ కూడా నీకే ఇచ్చేస్తున్నా.”

నానమ్మ చేతులు ఒళ్ళో గట్టిగా బిగించుకుంది.

“పోనీ నువ్వు పెట్టు, నేను కథ చెప్తా. ఏనుగు కథ.”

నానమ్మ చూపు గోడ మీదికి తిప్పుకుంది.

“నాకు కడుపునొప్పి వస్తోంది నానమ్మా.”

రోజూ వినే మాటలే ఇవి. రోజూ ఈ మాటలకి పొంగిపోయి, దగ్గరికి లాక్కుని, గుండీలు పెట్టి, ముద్దుపెట్టి పంపేది నానమ్మ. ఇవాళ చేతులు ఖాళీగా ఉండేసరికి చెవులకి వినిపించింది. ముద్దుమాట పనిచేయకపోతే లంచం, లంచం పనిచేయకపోతే కడుపునొప్పి. పాపం పిల్ల ఎన్ని దారులు వెతుక్కుంది!

“ఇన్నాళ్ళూ ఇది గారాబం అనుకున్నానే” అందావిడ ఎవరితోనో అన్నట్టు.

కోడలి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. కానీ చేతులు విప్పలేదు.

తిండి దగ్గర ఇంకోలా జరిగింది. పిల్ల కుర్చీలో నిటారుగా కూర్చోలేక గడ్డం బల్లకి ఆనించింది. రొట్టెకి రాసిన జామ్ వేలికి అంటుకునేసరికి ఆ వేలిని ఒంటికి దూరంగా పట్టుకుని ఉండిపోయింది, తిండి సంగతే మర్చిపోయింది. పాల గ్లాసు ఒరిగింది. బూట్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకి. పట్టీ అంటించబోతే ఊడింది, మళ్ళీ ఊడింది. మూడోసారి బూటు గోడకి తగిలింది.

“నేను మొద్దుని!” అని అరిచింది పిడుగు. “మొద్దుని, మొద్దుని!”

ఆ మాట ఇంట్లో ఎవరూ నేర్పలేదు. బడిలో కూడా ఎవరూ అనలేదని టీచరు ఒట్టేసి చెప్పింది. పక్కపిల్లలు బొమ్మలు గీస్తుంటే తన కాగితం మడిచి కింద దాచుకుని కూర్చున్నప్పుడు, అది తనకి తనే పెట్టుకున్న పేరట.

పిల్ల పరుగున ముందు గదిలోకి పోయి, కటింగ్ బల్ల కింద దూరి, బరువైన బట్టల తాను ఒకటి మీదికి లాక్కుంది. ఎక్కిళ్ళు మెల్లగా తగ్గాయి. 



“చాలా? చూడాలనుకున్నది చూశావా?” అన్నాడు టైలరు లేస్తూ.

“నేను రోజూ చూస్తున్నదే. మీరు చూడాలని.”

“తప్పు ఆ చొక్కాది. లోపలి కుట్టు మొరటుగా ఉంది. కాజాలు బిగుతు. ఆ చీటీ నాకే గుచ్చుకునేలా ఉంది. నేను కుట్టింది తెచ్చి వెయ్యి, చిటికెలో వేసుకుంటుంది.”

కోడలు బీరువా తెరిచింది. ఆయన కుట్టిన కూతురి బట్టలన్నీ తెచ్చి కటింగ్ బల్ల మీద పరిచింది. గౌన్లు, లాగులు, చొక్కాలు. ఒక్కోదాన్నీ తిరగేసింది.

“వీటిల్లో ఒక్క గుండీ చూపించండి.”

టైలరు ఒక చొక్కా అందుకుని మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

“అన్నిటికీ ఎలాస్టిక్. కుట్లన్నీ బయటికి. మెడ దగ్గర మెత్తటి పట్టీ. మీ పని బాగుందని మురిసిపోయాను గానీ, ఇలా ఎందుకు కుడుతున్నారో నేనూ అడగలేదు. ఎప్పటినుంచి తెలుసండీ మీకు?”

“తెలియడమేంటి?” ఆయన గొంతు తగ్గింది. “అది నడక నేర్చినప్పటినుంచీ బట్ట తగిలితే ఏడ్చేది. బట్ట సరిపోకపోతే విప్పి కుడతాం. మా నాన్న నాకు నేర్పిన మొదటి సంగతి అది. బట్ట మనిషికి సరిపోవాలి గానీ, మనిషినే బట్టకి తగ్గట్టు మార్చమని ఏ టైలరూ అనడు.”

ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. అందుకే కోడలికి కోపం వచ్చింది.

“మరి పెన్సిలుని విప్పి కుడతారా? బడిలో కుర్చీని? కత్తెరని? దాని చుట్టూ ఉన్నవన్నీ మీరొక్కరే ఎన్నాళ్ళు మార్చుకుంటూ పోతారు?”

“వయసొస్తే అవే వస్తాయి.”

“నేనూ టీచర్ని అదే అడిగాను. ఏదో ఒకటి ఆలస్యమైతే ఆగి చూడొచ్చు, ఏ పిల్లకైనా ఉండేదేనంది. బట్ట, తిండి, ఆట, రాత, రోజూ అన్నిట్లోనూ అడ్డం పడుతుంటే, దానివల్ల పిల్ల తనమీద తనకే నమ్మకం పోగొట్టుకుంటుంటే ఆగొద్దంది. ఇందాక ఆ అరుపు విన్నారుగా!”

“నా పిల్లని ఎవరూ కొలవక్కర్లేదు!”

“మీరు ఏనాడైనా కొలవకుండా కత్తెర పెట్టారా?”

టైలరు మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఈ ఇంట్లో ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు, అడగాల్సిన పనీ రాలేదు.

“వద్దు. నేను వద్దంటున్నాను” అన్నాడు చివరికి.

కోడలు అత్తగారి వైపు తిరిగింది. ఆవిడ బెంచీ మీద లేదు. గుమ్మం దగ్గర వంగి చెప్పులు వెతుక్కుంటోంది.

“అమ్మా, ఎక్కడికి?”

“ఇద్దరం వద్దంటే మానేస్తానంది నీ పెళ్ళాం. ఒక్కడివి వద్దంటే సరిపోదు” అందావిడ తలెత్తకుండానే. “దానికి మెత్తటి గౌను ఒకటి వెయ్యండి. టైమవుతోంది.”

బల్ల కింద నుంచి బుగ్గల మీద చారలతో పిడుగు బయటికొచ్చింది. 

“ఆ డాక్టరు నా చేతులు తీసేసి కొత్తవి పెడతాడా?”

“లేదమ్మా. నీ చేతులు నీకే ఉంటాయి. వాటితో ఆడటం నేర్పిస్తాడు.”

“నాన్న రాడా?”

“కస్టమరు వస్తాడు తల్లీ” అన్నాడు టైలరు, మిషను వైపు తిరిగి.

*

బస్సులో దారి పొడుగునా అత్తగారు మనవరాలికి పాఠం చెప్పింది. “అడిగినదానికి చటుక్కున చెప్పాలి. ఇచ్చింది గట్టిగా పట్టుకోవాలి. కింద పడెయ్యకూడదు.” దాక్కున్నది బయటపడాలనే వెళ్తున్నారన్న సంగతి ఆవిడకి ఇంకా పూర్తిగా వంటబట్టలేదు.

థెరపిస్టు గది మేడ మీద ఉంది. చెప్పులు బయటే. లోపల నేలంతా పరుపులు, పైకప్పుకి వేలాడే ఉయ్యాల, ఓ మూల సాగే గుడ్డతో కుట్టిన పొడుగాటి సొరంగం. గడ్డం నెరుస్తున్న మనిషి మేజోళ్ళతో నేల మీదే కూర్చుని ఉన్నాడు. అత్తగారికి నమ్మకం కుదరలేదు.

“ఈయనేనా?” అంది కోడలి చెవిలో.

“నేనేనండీ” అన్నాడాయన. “కుర్చీలో కూర్చుంటే పిల్లలు దొరకరు.”

పిడుగుకి ఒక డబ్బా ఇచ్చాడు. లోపల గిలకలాంటిదేదో మోగుతోంది. పిల్ల మూత మీద చెయ్యి పెట్టిందో లేదో, అత్తగారు చటుక్కున లాక్కుని, తెరిచి, చేతిలో పెట్టేసింది.

“నానమ్మగారికి నూటికి నూరు” అన్నాడు థెరపిస్టు. “ఇంక పాప వంతు.”

అత్తగారు సిగ్గుతో కోడలి పక్కకి జరిగి, చేతులు తన ఒంటి కింద పెట్టుకుని మరీ కూర్చుంది. 

ఆయన ప్రశ్నలు ఎక్కువ అడగలేదు. పిల్ల ఉయ్యాల ఎక్కుతుంటే ఎక్కడ ఆగిందో చూశాడు. రంగు పెన్సిలు పిడికిట్లో పట్టుకుని, కొంచెం గీయగానే ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటుంటే చూశాడు. రోగమా, ఏంటి అని కోడలు అడిగితే, “పేరు పెట్టడానికి రాలేదు మీరు. పాపకి ఏ పని ఎక్కడ కష్టమవుతోందో కనిపెట్టి, అక్కణ్ణుంచి మొదలుపెడదాం. ముందు నన్ను చూడనివ్వండి” అన్నాడు. రెండు నెలలుగా ఆమె గుండెల మీద ఉన్న బరువు కాస్త జరిగింది. ఇంకా దిగలేదు.

పిడుగు సొరంగంలో దూరింది. గుడ్డ అన్నివైపులా గట్టిగా నొక్కుతుంటే లోపల్నుంచి కిలకిలా నవ్వు వినిపించింది.

అప్పుడే తలుపు మెల్లగా తెరుచుకుంది. టైలరు. ఆదరాబాదరా దుకాణం మూసేసి వచ్చినట్టున్నాడు, మెడలో టేపు అలాగే ఉంది. ఎవరూ ఏమీ అనకముందే భార్య పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది. 

థెరపిస్టు ఆయన్ని చూసి తలూపి, సొరంగానికి అవతలి కొసన బోర్లా పడుకున్నాడు.

“లోపల ఎలా ఉంది?”

“బావుంది. నన్ను గట్టిగా పట్టుకుంది.”

“మరి నీకు నచ్చనివి ఏంటి?”

“గుండీలు. అవి బడిలో ఉంటాయి. మా అమ్మ కుడుతుంది, కానీ నాకు కాదు.”

“అవి రాకపోతే ఏం చేస్తావు?”

“కడుపునొప్పి అంటా.” కాసేపు నవ్వు. “అమ్మకి కొంచెం చెప్తా. నాన్నకి చెప్పను.”

“కోప్పడతాడా?”

“ఛ! మా నాన్న కోప్పడడు.” గొంతులో పౌరుషం వచ్చింది. “చెప్తే బట్ట మొత్తం విప్పేసి మళ్ళీ కుడతాడు. కళ్ళు ఎర్రగా అయిపోతాయి. ఒకసారి వేలికి సూది గుచ్చుకుంది. రక్తం వచ్చింది. నా వల్లే.”

టైలరు తన వేలి కొస చూసుకున్నాడు.

“అందుకని ఏది గుచ్చుకున్నా ఊరుకుంటా. బావుంది నాన్నా అంటా.”

“ఇప్పుడు వేసుకున్న గౌనో?”

“ఇది కూడా. ఇక్కడ, చంక దగ్గర.” లోపల గుడ్డ కదిలింది. “మా నాన్నకి చెప్పకేం?”

థెరపిస్టు తల తిప్పి టైలరుని చూశాడు. పిల్లకి అబద్ధం చెప్పే మనిషిలా లేడాయన.

“నేను చెప్పను. నువ్వే చెప్పాలేమో. బయట ఎవరెవరున్నారో ఒకసారి తొంగి చూడు.”

సొరంగం మెలికలు తిరిగింది. ముందు రేగిన జుట్టు, తర్వాత మొహం బయటికొచ్చాయి.

“నాన్నా! కస్టమరు రాలేదా?”

ఆనందం దాని మొహంలో అంతలోనే ఆగిపోయింది. తను అన్నదంతా ఒక్కోటిగా గుర్తొస్తున్నట్టు కళ్ళు తండ్రి మీదే నిలిచాయి.

“విన్నావా?”

లేదనడం ఎంత తేలిక! కోడలు భర్త మొహం చూడలేక నేల చూసింది.

“విన్నాను” అన్నాడు టైలరు.

“మొత్తమా?”

“మొత్తం.”

పిడుగు పాక్కుంటూ వచ్చి ఆయన ఎదురుగా ఆగింది. గౌను చంక దగ్గర రెండు పిడికిళ్ళతో గట్టిగా పట్టుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు.

“అయితే దీన్ని కూడా విప్పేస్తావా?”

టైలరు చెయ్యి అలవాటుగా గౌను కుట్టు వైపు వెళ్ళి, జానెడు దూరంలో ఆగింది. అత్తగారు ఏదో సర్దిచెప్పబోయింది. కోడలు ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఈ జవాబు ఆయనే చెప్పాలి, ఎంతసేపైనా సరే.